మిలట్రీ మగ్గు

మాది రావికమతం. మొన్నటిదాకా విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్ నుంచి అనకాపల్లి జిల్లా. జిల్లా మారింది, ఆఫీసుల బోర్డులు మారాయి. ఊరికీ మా పేటకీ మధ్య దూరం మాత్రం ఏ గెజిట్లోనూ మారలేదు. ఊరు అటు, మేం ఇటు. మధ్యలో చెరకు తోటలు. ఆ తోటలు వాళ్ళవి, వాటిని నరికే కత్తులు మావి.

నేను సర్కారు బడిలో టీచర్ని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని. మా నాన్న చెరకు నరికాడు, బెల్లం పొయ్యిల దగ్గిర పాకం కలిపాడు. మా అమ్మ ఊడ్పులకీ కోతలకీ పోయింది. మా తాత ఒక్కడే కాస్త వేరు. ఆయన మిలట్రీకి పోయొచ్చాడు. అందుకని ఊళ్ళో వాళ్ళు ఆయన్ని "మిలట్రీవోడు" అనేవారు. సొంత పేరుతో పిలిచేవారు కాదు, అలాగని కులం పేరుతోనూ పిలిచేవారు కాదు. మా పేటలో ఇంకెవరికీ దక్కని మర్యాద అది. ఆ మర్యాద ఎంతవరకు నడిచిందో, ఎక్కడికి వచ్చి ఆగిపోయిందో తాత తెచ్చిన మగ్గు చెబుతుంది.

అదేం గొప్ప వస్తువు కాదు. ఇనప రేకు మీద తెల్ల పింగాణీ పూత, అంచుకి నీలం గీత, పట్టుకోడానికి చెవి. అరలీటరు పైనే పడుతుంది. పూత లేచిపోయిన చోట్ల నల్లగా మచ్చలు పడ్డాయి. అడుగున ఏవో అంకెలుండేవట, బూడిదతో తోమీ తోమీ అరిగిపోయాయి. తాత తెచ్చుకున్న కోటు చిరిగిపోయింది. బూట్లు అమ్ముకున్నాడు. దుప్పటి పిల్లల కింద నలిగి పీలికలైపోయింది. మగ్గు ఒక్కటే మిగిలింది.

తాత మిలట్రీకి ఎందుకు పోయాడంటే దేశభక్తి అని ఎవరైనా రాస్తే అది తాత కథ కాదు. మా ఉత్తరాంధ్రలో పనిలేనివాడు రంగం పోయేవాడు. రంగం అంటే రంగూన్. మన తెలుగు కూలీలు అక్కడ రేవులో, బియ్యం మిల్లుల్లో వేలల్లో ఉండేవారు. మా తాతకి పినతండ్రి వరసాయన అలాగే పోయాడు. 1942 మార్చిలో జపాను వాళ్ళు రంగూన్ పట్టుకున్నారు. కూలీలు అడవుల వెంట, కొండల వెంట నడిచి తిరిగొచ్చారు. అందరూ రాలేదు. మా పినతాత రాలేదు. ఆ తరవాతి నెలలోనే, ఏప్రిల్ 6న, జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లే కట్టుకుని పల్లెలకి పరిగెత్తారు. రంగం దారి మూసుకుపోయింది. పట్నం దారి భయమైపోయింది. ఇంక మిగిలింది మిలట్రీ దారి. తాత ఆ దారిన పోయాడు. ఆ యుద్ధంలో పాతిక లక్షల మంది పైగా భారతీయులు సైన్యంలో చేరారని పుస్తకాల్లో ఉంటుంది. ఆ పాతిక లక్షల్లో ఆకలికి చేరినోళ్ళు ఎందరో ఏ పుస్తకంలోనూ ఉండదు.

తాత తుపాకీ పట్టలేదు. పారా పలుగూ పట్టాడు. ఆయన్ని పయనీర్ దళంలో వేశారు. రోడ్లు వెయ్యడం, వంతెనలకి దుంగలు మొయ్యడం, విమానాలు దిగే నేల చదును చెయ్యడం వాళ్ళ పని. మణిపురం వైపు, ఇంఫాలు వైపు పనిచేశానని చెప్పేవాడట. 1944లో జపాను సైన్యం ఇంఫాలునీ కొహిమానీ ముట్టడించిన సంగతి నేను తరవాత చదువుకున్నాను. తాత చెప్పిన యుద్ధంలో ముట్టడి లేదు. వాన ఉంది, జలగలు ఉన్నాయి, మలేరియా ఉంది. పొద్దున్నే వరసలో నిలబడితే మగ్గు నిండా వేడి టీ పోసేవారు. అది ఉంది. టీ అనేది మా తాత మొట్టమొదట రుచి చూసింది ఆ వరసలోనే. "ముందు ఒక కులపోడు, వెనక ఒక కులపోడు, మజ్జెన నాను. ఒకటే బాల్చీ, ఒకటే గరిటి" అనేవాడట. యుద్ధం గురించి తాత పదేపదే చెప్పుకున్న మాట అదే. బాంబుల కన్నా ఆయనకి ఆ గరిటి ఎక్కువ గుర్తుండిపోయింది.

యుద్ధం అయిపోయింది. పయనీర్లని ఇళ్ళకి పంపేశారు. తాత రావికమతం వచ్చాడు. నోటికి టీ అలవాటయిపోయింది. ఊళ్ళో హోటలుంది. తాత హోటలుకి పోయాడు.

మావాళ్ళకి అక్కడ చూరులో కొబ్బరి చిప్పలుండేవి. తాగినవాడు కడిగి మళ్ళీ చూరులోనే దోపాలి. కొన్నాళ్ళకి చిప్పలు పోయి వేరే గ్లాసులొచ్చాయి. అవీ చూరులోకే ఎక్కాయి. తాత చిప్ప ముట్టుకోనన్నాడు. ఆయనకి లోపలి గ్లాసు ఇవ్వమని వాళ్ళన్నారు. మర్నాడు తాత ఇంటి దగ్గర్నుంచి మిలట్రీ మగ్గు పట్టుకుపోయాడు. వాళ్ళు దాన్ని ముట్టకుండా పైనుంచి ధార కట్టి పోశారు. తాత గుమ్మం బయట నిలబడి తాగాడు. కింద కూచోలేదు. ఆ రోజు నుంచి చచ్చిపోయేదాకా ఆయన ఊళ్ళో టీ తాగింది ఆ మగ్గులోనే, నిలబడే.

ఈ సంగతి నేను ఎన్నోసార్లు ఆలోచించాను. తాత దృష్టిలో అది తిరుగుబాటు. చిప్పలో తాగనన్నాడు, తాగలేదు. హోటలు వాళ్ళ దృష్టిలో అదొక సౌకర్యం. వాళ్ళకి చిప్ప ఖర్చు కూడా తప్పింది. మగ్గు చూసి మా పేట కుర్రాళ్ళు గర్వపడ్డారు. అదే మగ్గు చూసి ఊళ్ళోవాళ్ళు నిశ్చింతగా ఉన్నారు. ఒకే మగ్గులో మా ఆత్మగౌరవం ఉంది, వాళ్ళ అంటరానితనమూ ఉంది. వీటిని విడదీసి ఒకటి ఉంచి ఒకటి పారెయ్యడం ఎవరి తరం?

1950లో రాజ్యాంగం వచ్చింది. పదిహేడో అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది. 1955లో అస్పృశ్యతా నేరాల చట్టం వచ్చింది. హోటల్లో అందరికీ పెట్టిన గిన్నెలు, గ్లాసులు అంటరానితనం పేరుతో ఒక మనిషికి వాడనివ్వకపోతే నేరమని ఆ చట్టంలో స్పష్టంగా రాసి ఉంది. నేను బీయిడీ చదివేటప్పుడు ఆ సెక్షను చూసి నిర్ఘాంతపోయాను. ఢిల్లీలో పార్లమెంటు గ్లాసు దాకా ఆలోచించింది. ఆ గ్లాసు ఢిల్లీ నుంచి బయల్దేరి మా ఊరి హోటలు గుమ్మం దాకా రావడానికి ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. వచ్చింది కూడా చట్టం వల్ల కాదు, ప్లాస్టిక్ కప్పుల వల్ల. ఒకసారి తాగి పారేసే కప్పు వచ్చాక ఎవరి ఎంగిలి ఎవరు కడగాలన్న బాధ పోయింది. "చూశారా, కులం పోయింది" అన్నారు. పోయింది కులం కాదు, కడగాల్సిన గ్లాసు.

ఇంతవరకు మగాళ్ళ కథ. హోటలు గుమ్మం దాకా పోయే హక్కయినా మగాళ్ళకే ఉండేది. మా నాయనమ్మకి, మా అమ్మకి చిప్ప కూడా లేదు. పొలంలో దాహమేస్తే దోసిలి పట్టాలి. గట్టు మీద నిలబడి పైనుంచి నీళ్ళు పోస్తారు. మోచేతుల మీదుగా కారి చీర తడిసిపోతుంది, దాహం సగమే తీరుతుంది. మా అమ్మకి ఇప్పటికీ గ్లాసుతో తాగితే తాగినట్టుండదు. ఇంట్లో కూడా కుండలో నీళ్ళు ముంచుకుని దోసిట్లో పోసుకుంటుంది. చెయ్యి ఆ వంపుకి అలవాటయిపోయింది. ఈ దోసిలిని ఏ మ్యూజియంలో పెడతారు?

మ్యూజియం అంటే గుర్తొచ్చింది. మా బడి పిల్లల్ని విశాఖపట్నం విహారయాత్రకి తీసుకుపోయాం. బీచి రోడ్డులో విశాఖ మ్యూజియం ఉంది. అందులో 1942లో జపాను వాళ్ళు వేసిన, పేలని బాంబు పెట్టారు. అదంతా చూసి కురుసురా ఎక్కాం. అది జలాంతర్గామి. 1969 డిసెంబరులో నౌకాదళంలో చేరింది. 1971 యుద్ధకాలంలో పనిచేసింది. 2001 ఫిబ్రవరిలో విశ్రాంతి ఇచ్చి, ఒడ్డుకి లాక్కొచ్చి 2002లో జనానికి తెరిచారు. తొంభై ఒక్క మీటర్ల పొడవు. లోపల ఒక మనిషి నడిస్తే ఇంకో మనిషి పక్కకి ఒదగాలి. నౌకాదళంలో పనిచేసి రిటైరయినవాళ్ళే దగ్గరుండి చూపిస్తారు. టార్పెడోల దగ్గిర మగపిల్లలు గోల గోల చేశారు. నా కళ్ళు మాత్రం వంటగది మీద, ఒకదాని మీద ఒకటి బిగించిన పడకల మీద నిలబడిపోయాయి. అంతమంది మనుషులు నీళ్ళ అడుగున రోజుల తరబడి ఒకరి ఊపిరి ఒకరు పీల్చుకుంటూ బతికారు.

మా పేట పిల్ల ఒకర్తి, ఐదో తరగతి, నా కొంగు లాగి అడిగింది: "టీచర్, ఈళ్ళందరికీ ఒక్కటే వంటా?"

"ఒక్కటేనమ్మా" అన్నాను.

"మరి ఎవులూ ఏటీ అన్లేదా?"

ఆ పిల్ల ఏం అడుగుతోందో నాకు తెలుసు. మిగతా పిల్లలకి తెలీదు. ఫిరంగి చూసి అడగాల్సిన వయసులో ఆ పిల్ల వంటగది చూసి అడిగింది. మాకు పుట్టుకతో వచ్చే తెలివి అది.

సైన్యంలో కులం లేదని నేను అనను. అలా అనుకోవడం మా తాతకి తృప్తి, నాకు కాదు. 1914 క్రిస్మస్‌కి ఇంగ్లండు రాజకుమారి మేరీ పేరు మీద యుద్ధంలో ఉన్నవాళ్ళకి బహుమతులు పంపారు. బ్రిటిష్ సిపాయిలకి చిన్న ఇత్తడి పెట్టె, అందులో పొగాకు, సిగరెట్లు. ఆ పెట్టెలు ఇవాళ లండను యుద్ధ మ్యూజియంలో ఉన్నాయి. భారతీయుల జాబితా వేరే వేశారు. గూర్ఖాలకి బ్రిటిష్ వాళ్ళతో సమానంగా. సిక్కులకి పటికబెల్లం, మసాలా దినుసుల డబ్బా. మిగతా సిపాయిలకి సిగరెట్లు, పటికబెల్లం, మసాలాలు. ఆఖరున క్యాంపు వెంట నడిచే పనివాళ్ళు. వాళ్ళందరినీ కలిపి "భిస్తీలు" అని రాశారు. వాళ్ళకి మసాలా డబ్బా, ఒక కార్డు. అంతే. పటికబెల్లం కూడా లేదు. నీళ్ళు మోసేవాళ్ళు, పాకీపని చేసేవాళ్ళు వరసలో చివర ఉంటారని లండనులో కూచుని లెక్క వేసినవాళ్ళకి కూడా తెలుసు.

ఆ పాకీపని చేసినవాళ్ళలో ఒకాయన పేరు సుఖా. బరేలీ వాడు. ఇంగ్లండులో బ్రాకెన్‌హర్స్ట్ అనే ఊళ్ళో గాయపడ్డ భారతీయ సిపాయిల ఆస్పత్రిలో పనిచేస్తూ 1915 జనవరి 12న చనిపోయాడు. ముప్ఫై ఏళ్ళు. అంటరానివాడని హిందువులు దహనానికి ఒప్పుకోలేదని, ముస్లిం కాదని ముస్లింలు ఖననానికి ఒప్పుకోలేదని చెబుతారు. చివరికి ఆ ఊరి చర్చి వాళ్ళు తమ శ్మశానంలో చోటిచ్చారు, తలా కొంత వేసుకుని రాయి నాటారు. ఆ రాయి ఇంకా ఉంది. సముద్రాలు దాటి రాజు కోసం చాకిరీ చేసినవాడికి బూడిద కావడానికి కూడా సాటివాళ్ళ అనుమతి కావలసి వచ్చింది.

బాబాసాహెబ్ అంబేద్కర్ సిపాయిల ఇంట పుట్టినవాడే. 1891లో మౌ కంటోన్మెంటులో పుట్టాడు. తండ్రి రాంజీ సుబేదారు. సుబేదారు కొడుకయినా బళ్ళో వేరేగా కూచోడానికి ఇంటి దగ్గర్నుంచి గోనెపట్టా తీసుకుపోవాల్సి వచ్చింది. బంట్రోతు వచ్చి కొళాయి తిప్పితేనే మంచినీళ్ళు. "వెయిటింగ్ ఫర్ ఎ వీసా"లో ఆయనే రాసుకున్నాడు. అంబేద్కర్ గోనెపట్టా, మా తాత మగ్గు ఒకే జాతి వస్తువులు. ఎవడి వస్తువు వాడు మోసుకుని తిరగాలి. మోసుకొచ్చినందుకే లోపలికి రానిస్తారు.

అంబేద్కర్ పుట్టిన కొద్ది కాలానికే తెల్లవాళ్ళు యుద్ధజాతుల సిద్ధాంతం పట్టుకుని మహర్లని సైన్యంలోకి తీసుకోవడం మానేశారు. మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళకి కూడా అదే సిద్ధాంతంతో దారి మూశారు. రెండో ప్రపంచ యుద్ధం మీద పడ్డాక 1941లో మహర్ రెజిమెంటు పెట్టారు. 1943లో చమార్ రెజిమెంటు పెట్టారు. చమార్ రెజిమెంటుని 1946లో రద్దు చేసేశారు. చావడానికి మనుషులు కావాలంటే మేం యుద్ధజాతి. చావు పని అయిపోతే మళ్ళీ చూరు కింద జాతి.

ఇదంతా నేను చదువుకున్నది మగ్గు వల్లే. ఇప్పుడు ఆ మగ్గుకి జరిగింది చెప్పాలి.

2022లో స్వాతంత్ర్యం వచ్చి డెబ్బై అయిదేళ్ళయిందని అన్నిచోట్లా వేడుకలు జరిగాయి. అప్పుడు ఒకచోట మన ప్రాంతపు సిపాయిల వస్తువులతో ప్రదర్శన పెట్టారు. ఎక్కడ, ఎవరు అన్నది ఇక్కడ అనవసరం. మా తాత సంగతి తెలిసి మగ్గు అడిగారు. మా నాన్న పొంగిపోయాడు. మగ్గుని చింతపండుతో తోమి, పాత తువ్వాల్లో చుట్టి నా చేతికిచ్చాడు. వస్తువు పక్కన పెట్టడానికి చీటీ రాసివ్వమన్నారు. రాశాను:

"రెండో ప్రపంచ యుద్ధంలో పయనీర్ దళంలో పనిచేసిన రావికమతం మాల సిపాయి మగ్గు. యుద్ధం నుంచి వచ్చాక ఊరి హోటల్లో గ్లాసు ఇవ్వనందున ఆయన ఇదే మగ్గులో టీ తాగాడు."

రెండే వాక్యాలు. ఒక్క తిట్టు లేదు, ఒక్క పేరు లేదు. ప్రదర్శన రోజు పోయి చూస్తే గాజుపెట్టెలో మగ్గు ఉంది. చీటీ మారిపోయింది. "రావికమతం వీర జవాను యుద్ధంలో వాడిన మగ్గు" అని అందంగా అచ్చువేశారు. మాల పోయింది. హోటలు పోయింది. పార పలుగుల పయనీరు కూడా పోయి వీర జవాను వచ్చాడు.

అడిగాను. "దేశభక్తి ప్రదర్శన టీచర్ గారూ, ఇందులో కులం ఎందుకు" అన్నారు. మర్యాదగానే అన్నారు. కుర్చీ వేశారు, టీ కూడా తెప్పించారు, కాగితం కప్పులో.

"కులం నేను పెట్టలేదండీ, మగ్గులోనే ఉంది. మీరు తీశారు" అన్నాను. ఆ మగ్గు యుద్ధంలో ఉన్నది రెండు మూడేళ్ళు. ఊరి హోటలు గుమ్మంలో ఉన్నది దాదాపు యాభై ఏళ్ళు. రెండు మూడేళ్ళు ఉంచి యాభై ఏళ్ళు చెరిపేస్తే అది మా తాత మగ్గు ఎలా అవుతుంది? పాత చీటీ పెట్టమన్నాను. కుదరదన్నారు. మగ్గు ఇచ్చెయ్యమన్నాను. ఇచ్చేశారు.

ఇంటికి తెస్తే నాన్న నాతో రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు అన్నాడు: "ఊరోళ్ళు ఆ పెట్టి కాడికొచ్చి ఒంగి సూసీవోరే. మా నాన్న మగ్గు కాడ ఆళ్ళు ఒంగడం నాను కళ్ళారా సూద్దునని ఉండీది. అది పోగొట్టీసినావు."

ఆ మాటకి నా దగ్గిర తేలిక జవాబు లేదు. నాన్న చిన్నప్పుడు అదే మగ్గు పట్టుకుని హోటలు గుమ్మంలో నిలబడ్డవాడు. ఆయన కోరింది చిన్న కోరిక కాదు. అయినా నాకు తోచింది చెప్పాను. "నాన్నా, ఆళ్ళు ఒంగేది వీర జవానుకి. నీ నాన్నకి కాదు. ఆ చీటీలో నీ నాన్న లేడు."

నాయనమ్మ అప్పటికి మంచం మీదే ఉంది. తొంభై దగ్గిర పడ్డాయి. అంతా విని నన్ను పిలిచింది. "ఏటి రాసినావే గుంటా, మళ్ళీ సదువు" అంది. నా రెండు వాక్యాలూ చదివాను.

"మరి నానేదే?" అంది.

నాకు అర్థం కాలేదు.

"అది యాభై ఏళ్ళు తోమినది ఎవులు? ఆడు తాగొచ్చి ఇంట్లో పడీసీవోడు, నాను తోమీదాన్ని. నాకు హోటల్లో టీ ఎవులు పోస్తారు? సంక్రాంతికి, పోలేరమ్మ పండక్కి మీ తాత ఆ మగ్గుతో టీ అట్టుకొచ్చి నాకు పోసీవోడు. ఆడి మగ్గు నా నోటికి ఆనించుకుని తాగినాను. దోసిలి పట్నేదు. అది రాయవా?"

రాశాను. మూడో వాక్యం మా నాయనమ్మది. ఊరివాళ్ళు చెరిపింది నేను చూశాను. నా చీటీలో లేనిది ఆమె చూసింది.

2023 ఏప్రిల్ 14న మా పేట అంబేద్కర్ భవనంలో ఒక బల్ల వేశాం. మగ్గు పెట్టాం. పక్కన మా నాన్న చెరకు కత్తి, ఒకరింటి డప్పు, రంగం నుంచి నడిచొచ్చిన ఒక ముసలాయన తోలుసంచి, ఒక అమ్మ తట్ట. ఎవరి వస్తువుకి వాళ్ళ మనవలే చీటీ రాశారు. తప్పులతో రాశారు, నేను దిద్దలేదు. ఊళ్ళోంచి కొందరు వచ్చారు. ఒక పెద్దాయన మగ్గు చీటీ చదివి, "ఇప్పుడు అలాంటివి లేవు కదా టీచరమ్మా" అన్నాడు.

"లేవు కాబట్టే బల్ల మీదుందండీ. ఉంటే నా చేతిలో ఉండేది" అన్నాను.

ఆయన ఇంకేం అనలేదు. చీటీ చదవడానికి మాత్రం ఒంగాడు. మా నాన్న గోడవార నిలబడి అది చూశాడు.

చదువుకుంటున్న తమ్ముళ్ళకీ చెల్లెళ్ళకీ, సంఘాల్లో తిరిగే అన్నలకీ ఒక్కటే చెబుతున్నాను. మీ ఇళ్ళల్లో అటకలు వెతకండి. చూరుల్లో, ట్రంకు పెట్టెల్లో వెతకండి. మిలట్రీ మగ్గులు, రైల్వే లాంతర్లు, మునిసిపాలిటీ బిళ్ళలు, గోనెపట్టాలు దొరుకుతాయి. ముసలాళ్ళు బతికుండగానే వాళ్ళని కూచోబెట్టి అడిగి చీటీ రాయండి. ముసలమ్మల్ని ముందు అడగండి. వస్తువుని ఎవరడిగినా ఇవ్వండి, చీటీతో కలిపే ఇవ్వండి. చీటీ వద్దన్నవాడికి వస్తువూ ఇవ్వొద్దు.